లెక్కల పీరియడ్‌లో ఊపిరి

మా పక్కింటి నాంచారమ్మ పిన్ని పాలకేంద్రం దగ్గర విన్నదేమిటంటే, మా ఊరి హైస్కూల్లో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ముక్కులు మూయిస్తున్నారట. పిన్ని చూసింది కాదు. ఆమెకి చెప్పినావిడ కూడా చూసింది కాదు. ఆవిడ మరిది కొడుకు బడి నుంచి ఇంటికొచ్చి చేసి చూపించాడట. ఒక పక్క ముక్కు మూసి రెండో పక్కతో పీల్చడం, తర్వాత రెండోది మూసి మొదటిదాంతో వదలడం.

"అట్టా పీరియడంతా చేయిస్తన్నారంట అబ్బాయ్. ఏదో కొత్త జబ్బు వచ్చుంటది. మనకి చెప్పకుండా దాస్తన్నారు," అని తేల్చేసి, గోడ మీదుగా పచ్చడి గిన్నె నా చేతిలో పెట్టి వెళ్లింది.

సాయంత్రానికి ఊళ్లో సగం మంది ముక్కులకి గుడ్డలు కట్టుకు తిరుగుతున్నారు. మిగతా సగం మంది మిరపకాయల ఘాటుకి ఎలాగూ కట్టుకునే ఉన్నారు కాబట్టి పెద్ద తేడా తెలియలేదు.

డిగ్రీ చదివి కూడా ఊరు విడిచి పోలేదన్న ఒకే ఒక్క అర్హతతో నన్ను స్కూలు తల్లిదండ్రుల కమిటీలో వేశారు. కమిటీ పని సంతకాలు పెట్టడమే గాని ప్రశ్నలు వేయడం కాదు. అయినా మా చిన్నాడు అక్కడే ఏడో తరగతి చదువుతున్నాడు. ముక్కు వాడిది. అందుకని మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

మా చింతవాగుపాలెం స్కూలు గురించి ఒక ముక్క చెప్పాలి. మాది మిరప ఊరు. కోసిన కాయ ఆరబోయాలంటే పొద్దస్తమానం ఎండ తగిలే గట్టినేల కావాలి. ఊళ్లో అలాంటి నేల స్కూలు ఆటస్థలం ఒక్కటే. స్కూలు కట్టిన దగ్గర్నుంచీ సంక్రాంతి వెళ్లాక ఎండలు ముదిరేదాకా అందులో పిల్లలు ఆడరు, కాయలు ఆరతాయి. ఎవరూ ఎక్కడా రాసుకోని ఒప్పందం ఇది. గేటు దాటగానే ముందు వరస సర్పంచి గారిది, తర్వాతది ఆయన బావమరిదిది, ఆ వెనక మాబోటి వాళ్లవి. ఆ ఎర్రటి కళ్లాల మధ్య వదిలిన సన్నని దారిలో పిల్లలు ఒకరి వెనక ఒకరు తుమ్ముకుంటూ తరగతులకు పోతారు.

హెడ్మాస్టరు దక్షిణామూర్తి గారు వచ్చే ఏడు రిటైరవుతారు. ఆయనకి దయ్యాలంటే భయం లేదు, పాములంటే భయం లేదు. పైనుంచి ఏదైనా ఉత్తర్వు వచ్చి తన కంట పడకుండా పోతుందేమోనని మాత్రం భయం.

"జబ్బు కాదండీ," అన్నారు నవ్వి. "'ప్రశాంత పాఠశాల' పథకం. విద్యార్థులలోని మానసిక ఒత్తిడిని నిర్మూలించి, వారిని వర్తమాన క్షణమందు స్థిరపరచుట దీని ముఖ్యోద్దేశం."

"మంచిదేగా సార్. ఏ పీరియడ్‌లో?"

"రెండో పీరియడ్."

"అది లెక్కలు గదా?"

"శాస్త్రీయంగా నిర్ణయించారండీ. ముందు పిల్లల్ని సర్వే చేశారు. ఏ పీరియడ్‌లో నీకు ఒత్తిడి ఎక్కువగా కలుగుచున్నది అని. దాదాపు అందరూ లెక్కలే అన్నారు. ఒత్తిడి ఎక్కడుంటే చికిత్స అక్కడే కదా! లెక్కలు తీసేసి ఊపిరి పెట్టారు. మొదటి రోజే ఒత్తిడి సగానికి పడిపోయింది. అద్భుతమైన ఫలితాలు."

నాకూ అద్భుతంగానే తోచింది. నా చిన్నప్పుడే ఈ పథకం వచ్చి ఉంటే నేనూ ఎంతో ప్రశాంతంగా ఫెయిలయ్యేవాణ్ణి.

"మరి పున్నారావు మాస్టారు?"

"వారికి పీరియడ్లు ఖాళీ అయ్యాయి కదా. వారినే 'శ్వాస మిత్ర'గా నియమించాం."

పున్నారావు గారు మా ఊరి లెక్కల మాస్టారు. గట్టి గొంతు. ఆయన పాఠం చెబుతుంటే రోడ్డవతల టీకొట్టులో కూర్చున్నవాడికి కూడా వర్గసమీకరణాలు వచ్చేవి. ఆ మనిషి ఇప్పుడు వరండాలో నిలబడి ఉన్నాడు. మెడలో 'శ్వాస మిత్ర' అని రాసిన బిళ్ల. చేతిలో సుద్దముక్క లేదు, చిన్న ఇత్తడి గిన్నె, దాన్ని వాయించడానికి ఒక కర్రముక్క ఉన్నాయి. నన్ను చూడగానే గిన్నె వీపు వెనక్కి దాచుకున్నాడు.

గేటు దగ్గర సలోమి పట్టుకుంది నన్ను. మిరప కోతల ముఠాకి మేస్త్రి ఆమె. ఎవరి చేలో కోత ఏ రోజో ఆమె చెప్పాలి, సర్పంచి అయినా వినాలి. ఆమె కూతురు కెజియా పదో తరగతి. అన్ని సబ్జెక్టుల్లోనూ మొదటి పిల్ల, లెక్కల్లో మాత్రం చెబితే గాని ఎక్కదు. ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల్ని బట్టే ఇస్తారు. సీటొస్తే ఇంజనీరింగ్ దాకా చదువూ హాస్టలూ అన్నీ అక్కడే. రాకపోతే అమ్మ వెనకాల గోతం పట్టుకుని మిరపతోటకే.

"అన్నా, నువ్వు కమిటీలో ఉన్నావంటగా. లెక్కల పీరియడు మళ్లీ పెట్టించు. మా పిల్లకి త్రికోణాలు మిగిలిపోయినయ్యంట. మార్చిలో పరీక్షలు."

"చూస్తాలే సలోమీ," అన్నాను. కమిటీ సభ్యుడు అనదగిన మాట అదొక్కటే.

*

ఆ వారంలోనే పట్నం నుంచి శిక్షకుడు దిగాడు. పేరు ధీరజ్. తెల్ల లాల్చీ, మెడలో రుద్రాక్షలు, ముఖాన ఎప్పుడూ చెరగని చిరునవ్వు. వెంట ఒక తెల్లడబ్బా తెచ్చాడు, సోలెడు బియ్యం పట్టేంత ఉంటుంది. దానికి చెవులున్నాయట. గదిలో చప్పుడు విని ప్రశాంతత నూటికి ఎంతో తేల్చి, ఎవరూ ముట్టుకోకుండా తనంతట తానే ఆ లెక్క రాజధానికి పంపేస్తుందట. గోల ఉంటే ఎర్రదీపం. తగ్గితే పసుపు. పూర్తి ప్రశాంతత నెలకొంటే ఆకుపచ్చ.

కమిటీ తరఫున నన్నూ పిలిచారు. పిల్లలందర్నీ పెద్ద హాల్లో కూర్చోబెట్టారు.

"కళ్లు మూసుకోండి," అన్నాడు ధీరజ్ వెన్నలాంటి గొంతుతో. "మీరొక నదీతీరాన ఉన్నారు. చల్లటి గాలి వీస్తోంది. ఆ గాలిని లోపలికి గాఢంగా... ఇంకా గాఢంగా..."

మా ఊళ్లో ఈ కాలంలో ఎవరూ గాఢంగా పీల్చరు. ముక్కు అంచుతో, పైపైన, ఆ పూటకి బతకడానికి చాలినంత తీసుకుంటాం. పసిపిల్లలకి కూడా అది పాలతోనే అలవాటైపోతుంది. కానీ సార్ పీల్చమన్నాడు. పిల్లలు పీల్చారు. సరిగ్గా అప్పుడే కిటికీ బయట సర్పంచి గారి కాయని పలుగొర్రుతో తిరగేస్తున్నారు.

మొదట ఆరో తరగతి వరస దగ్గింది. తర్వాత ఏడు. ఎనిమిదో తరగతి కొంచెం ఆగి, ఆగినందుకు వడ్డీ కలిపి దగ్గింది. డబ్బా ఎర్రబడిపోయింది.

"కంగారు లేదు," అన్నాడు ధీరజ్. "దగ్గు కూడా ఒక ఆలోచనే. మబ్బులాగా వస్తుంది, మబ్బులాగా పోతుంది. మనం దానితో పోరాడం. కేవలం సాక్షిగా గమని..." అంటూ తనే అందుకున్నాడు. కళ్లు మిరపపళ్లయ్యాయి. పున్నారావు మాస్టారు ఆ ఇత్తడి గిన్నెలోనే నీళ్లు తెచ్చి తాగించి, నెత్తి మీద తట్టారు. గిన్నె వల్ల ఆ పథకం మొత్తంలో జరిగిన ఉపకారం అదొక్కటే.

"నాన్నా," అన్నాడు మా చిన్నాడు ఇంటికొస్తూ, "సార్ మబ్బు మాత్రం మధ్యాన్నం అన్నాల దాకా పోలేదు."

*

డబ్బా పంపిన లెక్క ప్రకారం జిల్లాలో అన్నిటికన్నా అశాంతిగా ఉన్న బడి మాదే. ఆ సంగతి ఉత్తర్వు రూపంలో వచ్చింది. దక్షిణామూర్తి గారు రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజున బడిలో చప్పుళ్లన్నిటినీ వేటాడ్డం మొదలుపెట్టారు.

ముందుగా గంట పోయింది. పీరియడు అయిపోతే అటెండరు వరండాలో నిలబడి తువ్వాలు ఊపుతాడు. చూసినవాళ్లకి పీరియడు అయినట్టు, చూడనివాళ్లకి కానట్టు. తెలుగు మాస్టారు పద్యాన్ని పెదాలతో మాత్రమే చదవాలన్నారు. డ్రిల్లు మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకోవచ్చు, ఊదకూడదు. పిల్లలు జవాబుల్ని మనసులోనే చెప్పుకోవాలి, పంతుళ్లు వాటిని మనసులోనే దిద్దుకోవాలి. ఈ పద్ధతిలో మా బళ్లో తప్పు జవాబు అన్నదే లేకుండా పోయింది.

ఇక మిగిలింది సందేహాలు. వాటి సంగతి ధీరజ్ గారే చూసుకున్నారు. ఒకరోజు ఊపిరి పీరియడులో కెజియా చెయ్యెత్తింది.

"సార్, నలభై అయిదు డిగ్రీలకి టాన్ విలువ ఒకటే ఎందుకవుద్ది సార్?"

ధీరజ్ చిరునవ్వు ఇంకొంచెం పెద్దది చేశాడు. "ఈ సందేహం నీలో ఎక్కడుందమ్మా? ఛాతీలోనా? కడుపులోనా?"

"పుస్తకంలో ఉంది సార్."

"దాన్ని గమనించు. దాంతో పోట్లాడకు."

"పోట్లాడను సార్. చెప్పండి."

"జవాబు అనేది ప్రశ్న మీద మనం చేసే దౌర్జన్యం."

పిల్ల మాస్టారి వైపు తిరిగింది. పక్కన నిలబడ్డ పున్నారావు మాస్టారి పెదాలు కదిలాయి. లెక్కల మాస్టారికి దగ్గు ఆపుకోవడం వచ్చు గాని జవాబు ఆపుకోవడం రాదు. డబ్బా వైపు చూసి ఎలాగో మింగేశారు. కెజియా కూర్చుంది. డబ్బా మీద పసుపు దీపం వెలిగింది. దక్షిణామూర్తి గారు ఆ పూట కడుపునిండా భోంచేశారు.

అయినా దగ్గు దగ్గులాగే ఉంది. కమిటీ మీటింగులో నేనొక మాటన్నాను. ఆటస్థలంలో కాయలు తీయిస్తే పోతుంది కదా అని.

సూర్యుణ్ణి కాస్త పక్కకి జరపమని నేనడిగినట్టు చూశారు దక్షిణామూర్తి గారు. "సర్పంచి గారి కాయనా?"

"అందరివీ సార్."

"ముందు వరస ఎవరిదండీ? చూడండి, నేను ఉత్తర్వు క్షుణ్ణంగా చదివాను. అందులో మిరపకాయల ప్రస్తావన లేదు. దగ్గు ప్రస్తావన ఉంది. 'అంతరాయం కలిగించు విద్యార్థిని స్వస్థత నిమిత్తం గృహమునకు పంపవలెను' అని స్పష్టంగా ఉంది."

పంపడం మొదలుపెట్టారు. మొదటి రోజు నిజంగా దగ్గు వచ్చినవాళ్లు వెళ్లారు. రెండో రోజు తెప్పించుకోగలిగినవాళ్లు వెళ్లారు. ఆ తర్వాత ఎలా దగ్గితే ఇంటికి పంపుతారో, ఎలా దగ్గితే నీళ్లిచ్చి కూర్చోబెడతారో నేర్పే పిల్లలు కూడా తయారయ్యారు. ఆ ఏడాది మా బళ్లో సక్రమంగా సాగిన బోధన అదే.

గేటు బయట నాంచారమ్మ పిన్ని గంపా, మజ్జిగ కుండా పెట్టుకుని తయారుగా నిలబడేది.

"దగ్గినోళ్లంతా ఇటు రండి నాయనా! మజ్జిగ తాగి నాలుగు చాళ్లు కోసిపోండి. ఈ పథకం ఎవురు పెట్టారో గాని ఆళ్ల కడుపు చల్లగుండ. కూలోళ్లు దొరక్క చస్తన్నా."

"పిన్నీ, చదువుకునే పిల్లలు," అన్నాను.

"చదువుంటేగా అబ్బాయ్ పాడవటానికి? అక్కడ ముక్కులు మూసుకు కూర్చునేదానికన్నా ఇక్కడ రెండు కాయలు కోస్తే చేతులన్నా ఆడతయ్. ఇంతకీ రేపు మీ చిన్నోడు దగ్గుతాడా, దగ్గడా?"

మా చిన్నాడు ఆ రోజే దగ్గాడని సాయంత్రం తెలిసింది. వేళ్లు మండిపోతూ ఇంటికొచ్చాడు. నేను కేకలేస్తే, "ప్రశాంతంగానే కోశా నాన్నా," అన్నాడు.

బళ్లోనే ఉండిపోయినవాళ్లలో కెజియా ఒకతె. "నువ్వు గాని దగ్గి ఇంటికొచ్చావా, చూడు," అని సలోమి బెదిరించి పంపేది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు కారుతుంటే చున్నీ నోట్లో కుక్కుకుని కూర్చునేది. ఎవరన్నా వచ్చి ఆ రెండో పీరియడులో ఒక్క లెక్క చెబుతారేమోనని ఆశ.

పిల్లలు తగ్గేకొద్దీ ప్రశాంతత పెరుగుతూ వచ్చింది. డబ్బా ఈ సంగతి అప్పుడే కనిపెట్టేసింది. మనుషులకి ఇంకా తట్టలేదు.

*

మనుషులకి తట్టింది రెండో శనివారం పుణ్యాన. ఆ ముందురోజు అటెండరు డబ్బా స్విచ్చి ఆపడం మర్చిపోయి హాలుకి తాళం వేసుకుపోయాడు. శనివారం బడికి సెలవు. డబ్బా మటుకు డ్యూటీ చేసింది. రోజంతా వినగలిగినంత విని, వినడానికేమీ లేదని తేల్చుకుని, పచ్చదీపం వెలిగించుకుని, నూటికి నూరు అని రాజధానికి చెప్పేసింది.

సోమవారం పదిగంటలకల్లా అభినందనలు వచ్చాయి. రాష్ట్రం మొత్తంలో ఆకుపచ్చ దీపం వెలిగిన మొట్టమొదటి పాఠశాల మాదేనట.

"సార్, శనివారం సెలవు గదా," అన్నాను దక్షిణామూర్తి గారితో.

"అవును."

"హాల్లో పిల్లల్లేరు గదా."

"గది ప్రశాంతంగా ఉండవలెనని ఉత్తర్వులో ఉందండీ. అందులో పిల్లలుండవలెనని ఎక్కడుందో చూపించండి."

చూపించలేకపోయాను. ఆయన చదివినంత శ్రద్ధగా నేను ఏ పుస్తకమూ చదవలేదు.

ఈ ఘనత ఎట్లా సాధించారో వివరించమని పైనుంచి అడిగారు. ఆయన వివరించారు. "విద్యార్థుల భౌతిక ఉనికి వలన కలుగు అంతరాయమును కనిష్ఠ స్థాయికి తగ్గించడమైనది." జవాబు వచ్చింది. "మీ నూతన విధానమునకు 'పరోక్ష ధ్యానం' అని నామకరణం చేయడమైనది. కొనసాగించగలరు."

కొనసాగించారు. ఒకరోజు ఆరో తరగతి వస్తే మర్నాడు ఏడు. రానివాళ్లు ఇళ్ల దగ్గర పరోక్షంగా ఊపిరి పీల్చుకుంటారు. పిన్ని చేలో కోత మూడురోజుల ముందే అయిపోతే, పక్కచేను వాళ్లకి పిల్లల్ని ఆవిడే సర్దింది.

కెజియా వంతు ఉన్నా లేకున్నా రోజూ వచ్చేది. లోపలికి రానీయకపోతే కళ్లాల గట్టున పుస్తకం పెట్టుకు కూర్చునేది. ఒకనాడు నేను మా కాయ తిరగేయడానికి పోయేసరికి పున్నారావు మాస్టారు ఆమె ఎదుట గొంతుక్కూర్చుని మిరపకాయలు పేరుస్తున్నారు. నేల మీద అడ్డంగా ఒక వరస, దాని చివర నిలువుగా ఇంకో వరస, ఆ రెంటినీ కలుపుతూ ఏటవాలుగా మూడోది. కోణం ఉన్నచోట తెల్లబడిన తాలుకాయ ఒకటి. నోట మాట లేదు. నిలువు వరస చూపిస్తారు, అడ్డవరస చూపిస్తారు, రెండూ సమానంగా ఉన్నాయా లేదా అని కనుబొమలెగరేస్తారు. పిల్ల రెండు వరసల్లోని కాయల్నీ వేలితో లెక్కపెట్టి, ఉన్నట్టుండి ముఖమంతా నవ్వయి ఒక్క వేలు ఎత్తి చూపించింది. ఒకటి! టాన్ నలభై అయిదు.

నన్ను చూసి మాస్టారు ఉలిక్కిపడ్డారు. "నేనేం చెప్పలేదండీ. కాయ సర్దుతున్నా."

"సర్దండి మాస్టారూ. నేను కమిటీ పని మీద రాలా," అన్నాను.

నాలుగు రోజులు అలా సాగింది. మూగ పాఠం, ఎర్ర త్రికోణాలు. సైన్ అయింది, కాస్ అయింది. సలోమి నాకు దోవలో కనపడి నవ్వింది కూడా. అయిదోరోజు ధీరజ్ గారి కంట పడింది.

మాస్టారి పని అయిపోయిందనుకున్నాను. అయిపోయింది గాని నేననుకున్న రకంగా కాదు. ధీరజ్ గారు చేతులు జోడించి ఆ త్రికోణం చుట్టూ ప్రదక్షిణం చేశారు. పైనుంచి ఫోటో, పక్కనుంచి ఫోటో, కళ్లు మూసుకుని తనూ కూర్చున్న ఫోటో.

"మాస్టారూ! ఇంతటి సాధన లోపల దాచుకున్నారా? మండే ద్రవ్యంతో మౌనంగా... ఇది ఎర్ర త్రికోణ ధ్యానం!"

"కాదండీ, ఇది లంబకోణ..."

"మాట్లాడకండి. మాట దాన్ని చెడగొడుతుంది."

వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది. శ్రీ పున్నారావు గారి సేవలను జిల్లాలోని ఉపాధ్యాయులందరికీ త్రికోణ ధ్యానమందు శిక్షణ ఇచ్చు నిమిత్తం జిల్లా కేంద్రమునందు, విద్యా సంవత్సరం ముగియు వరకు వినియోగించుకోవడమైనది. శిక్షణకు కావలసిన మిరపకాయలు స్థానికంగా సమకూర్చుకోగలరు.

బస్సు ఎక్కించడానికి నేనూ వెళ్లాను. కెజియా కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"సార్, ఎత్తులూ దూరాల పాఠం అట్టానే ఉండిపోయింది సార్! అన్నిటికన్నా మార్కులెక్కువ వచ్చేది దాంట్లోనేనంట!"

మాస్టారు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి చింతచెట్టు కొమ్మ చూపించారు, నేల మీద దాని నీడ చూపించారు, రెండు వేళ్లతో మధ్యన కోణం పట్టి చూపించబోయారు. బస్సు కదిలింది. "చెయ్యి లోపల పెట్టవయ్యా పెద్దమనిషీ!" అని కండక్టరు అరిచాడు.

*

పరీక్షలు వారం ఉందనగా మా బడికి పురస్కారం ప్రకటించారు. ఇవ్వడానికి ప్రశాంతతా విభాగం జాయింట్ డైరెక్టరు గారే స్వయంగా వచ్చారు. హాల్లో బల్ల మీద పూలదండ వేసిన డబ్బా, దాని పక్కన ఆయన, ఆ పక్కన దక్షిణామూర్తి గారు, ధీరజ్ గారు. ఎదురుగా కొద్దిమంది పిల్లలు. దగ్గు ఆపుకోవడంలో ఆరితేరినవాళ్లని ఏరి కూర్చోబెట్టారు. ఆ లెక్కన కెజియా ముందు బెంచీలో మొదటి పిల్ల. ఫోటోలో తల్లిదండ్రులు కూడా పడాలన్నారు. కోతల రోజుల్లో ఎవరొస్తారు? నేనొచ్చాను. సలోమి పని ఆపుకుని, నడుముకి కట్టిన గోనెపట్టా కూడా విప్పకుండా వచ్చి గోడవారగా కూర్చుంది.

జాయింట్ డైరెక్టరు గారు లేచారు. డబ్బా ఉంది కాబట్టి చప్పట్లకి బదులు అందరం చేతులూపాం.

"ఈ పాఠశాల సాధించినది సామాన్యమైన విజయం కాదు," అన్నారు గుసగుసగా. "విద్య నుండి ఒత్తిడిని వేరుచేయవలెనని ఎందరో కలలు కన్నారు. ఆ ప్రయత్నములో విద్యను సైతం వేరుచేయుటకు వెనుకాడని ధైర్యమును ఇక్కడ చూచుచున్నాను. ఆ రోజు రెండో శనివారమని కొందరు నా దృష్టికి తెచ్చారు. విచారణ జరిపించితిమి. వాస్తవమే. కానీ ఫలితం ఫలితమే! వచ్చే విద్యా సంవత్సరము నుండి రాష్ట్రములోని పాఠశాలలన్నిటినీ, అన్ని దినములందును, రెండో శనివారం స్థాయికి తీసుకొనివచ్చుటకు కృషి చేయుదుము."

మళ్లీ చేతులూపాం.

"ఇప్పుడు ఒక విద్యార్థి తన అనుభూతిని పంచుకోవలసిందిగా కోరుచున్నాను."

దక్షిణామూర్తి గారు కెజియాకి సైగ చేశారు. ఆ పిల్లకి ఒక్క వాక్యం మూడు రోజుల పాటు వల్లె వేయించారాయన. 'నేను ప్రశాంతంగా ఉన్నాను' అని. అంతకు మించి ఒక్క అక్షరం వద్దన్నారు.

కెజియా లేచి నిలబడింది. వాళ్లమ్మ వైపు చూసింది. గొంతు సవరించుకోబోయి, డబ్బాని చూసి మానుకుంది.

"సార్, వచ్చే వారం పరీక్షలు. ఎత్తులూ దూరాల పాఠం మాకెవరు చెబుతారు సార్?"

దక్షిణామూర్తి గారు నా వైపు చూశారు. నేను ధీరజ్ గారి వైపు చూశాను. ధీరజ్ గారు కళ్లు మూసుకుని వర్తమాన క్షణంలోకి వెళ్లిపోయారు. జాయింట్ డైరెక్టరు గారు ఆ పాఠం తన విభాగం కిందికి వస్తుందా రాదా అన్నట్టు పైకప్పు చూశారు. కిటికీ బయట కాయ తిరగేస్తున్నారు, అయినా ఒక్కరూ దగ్గలేదు. ఫ్యాను కూడా సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఆగింది.

బల్ల మీద డబ్బా ఓసారి మినుకు మినుకుమంది. ఎర్రదీపం ఆరి పసుపు వెలిగింది. పసుపు ఆరి ఆకుపచ్చ వెలిగింది. మనుషులున్న గదిలో అది వెలగడం అదే మొదలు.

జాయింట్ డైరెక్టరు గారి ముఖం విప్పారిపోయింది. చప్పట్లు కొట్టబోయి, దీపం పోతుందని ఆగి, సలోమి వైపు వంగి రహస్యం చెప్పినట్టు చెప్పారు.

"చూచితివా అమ్మా! ప్రశ్న తనంతట తానే కరిగిపోయినది. నీ బిడ్డ ఎంతటి ప్రశాంతతను సృష్టించినదో చూడు!"

సలోమి లేచింది. గోనెపట్టా దులుపుకుంది. ఆమె గుసగుసలాడలేదు.

"ప్రశాంతం కాదయ్యా అది. అడిగినదానికి చెప్పేవోడు లేడు, అంతే. ఊపిరి తీయటం నా బిడ్డ పుట్టిన్నాడే నేర్చుకుంది, దానికెవురూ నేర్పలా. లెక్కలు అట్టా రావు. మీరు తీసకపోయిన మాస్టర్ని పంపించండి. ఊపిరి సంగతి మేం చూసుకుంటాం."

అంత గట్టిగా అన్న మాట డబ్బా కూడా విన్నట్టు లేదు. దీపం పచ్చగానే ఉంది.